చేతితో పిలిస్తే వచ్చే కుక్క

మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, అలాగని సిగ్గుపడే సంగతీ కాదు. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, సాంచెల కార్ఖానాలో నూలు కండెలు చుట్టి చుట్టి సగం చెవులు అక్కడే పోగొట్టుకుంది. బాపు, అంటే మా నాన్న, అదే కార్ఖానాలో సాంచెలు నడిపాడు. మరమగ్గాన్ని మా వాళ్ళు సాంచె అంటారు. వాళ్ళ మధ్య పెరిగిన నేను మున్సిపల్ తెలుగు బడిలో పంతులమ్మనై, పక్క తరగతి పిల్లలకు కూడా పాఠం వినిపించేంత గొంతు సంపాదించాను. నా కొడుకు శ్రీకాంత్‌కు ఆ గొంతు పాలతోపాటే వచ్చింది. వాడు పల్సానాలో బట్టలకు రంగులు వేసే మిల్లులో సూపర్‌వైజరు, అక్కడా అరవనిదే పని జరగదు. కోడలు మమత కాపురానికొచ్చిన కొత్తలో మేమంతా పొద్దస్తమానం కొట్లాడుకుంటున్నామనుకుని బిక్కుబిక్కుమంటూ ఉండేదట. ఇప్పుడు తను వంటింట్లోంచి టీ తాగుతారా అని అడిగితే కింద వాచ్‌మన్ తలెత్తి చూస్తాడు. ఈ గుజరాతీ ఊళ్ళో, ఆల్థాన్‌లో ఈ ఫ్లాటుకు వచ్చిన కొత్తలో పై అంతస్తు గుజరాతీ ఆవిడ తలుపు తట్టి, ఏమైనా ఇబ్బందా బెన్, అంటే అక్కా, అని కనుక్కుని వెళ్ళింది. ఇబ్బందేమీ లేదని నేను చెప్పిన జవాబు పైన ఉన్న వాళ్ళాయనకు కూడా అందే ఉంటుంది.

అలాంటి ఇంటికి డాక్టర్ బెన్ చెప్పిన పథ్యం ఏమిటంటే, అందరూ గొంతు తగ్గించుకోవాలని. జబ్బు మాది కాదు, బిస్కిట్‌ది. బిస్కిట్ మా మనవరాలు రిద్ధి మా అపార్ట్‌మెంట్ సొసైటీ గేటు దగ్గర వానలో తడుస్తుంటే ఒళ్ళో వేసుకుని తెచ్చిన కుక్కపిల్ల. ఇప్పుడు రిద్ధి కాలేజీకి వెళ్తోంది, బిస్కిట్ సోఫా నిండా పడుకుంటోంది. ఈ వానాకాలం దానికి గోమార్లు, అంటే నెత్తురు తాగే పిడుదులు, పట్టాయి. జ్వరం వచ్చి తగ్గింది, తగ్గిందని మేం ఊరటపడ్డాం. ఆ తర్వాత తిండి మానేసింది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి, పొట్ట మీద ఎర్రటి చుక్కలు లేచాయి. రక్తపరీక్ష చేసి డాక్టర్ బెన్ చెప్పింది, జ్వరాన్ని తరమడానికి లేచిన ఒంటి బలమే దారి తప్పి సొంత రక్తాన్ని నాశనం చేస్తోందట. ఎర్రకణాలు తగ్గాయి, ప్లేట్‌లెట్లు తగ్గాయి. పక్క సొసైటీలోని ఒక పెద్ద కుక్క దానికి రక్తం ఇచ్చింది. కుక్కకు కుక్క రక్తం ఎక్కించడం నేను నా కళ్ళతో చూస్తానని ఎన్నడూ అనుకోలేదు. ఆ పెద్ద కుక్క యజమాని దగ్గర మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం.

గండం గడిచి ఇంటికి తెచ్చాక అసలు పని మొదలైంది. ఎప్పుడూ పడుకోబెట్టే ఉంచితే కండ కరిగిపోతుంది, దానికి వేసే మాత్రలు కూడా కండను తినేస్తాయి, కాబట్టి రోజూ నడిపించాలి. కానీ పరుగెత్తనివ్వకూడదు. రక్తం పలుచగా ఉన్నప్పుడు గుండె రెట్టింపు కొట్టుకోవాలి, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం చిమ్ముతుంది. మెట్లు వద్దు, బంతి వద్దు, తోటి కుక్కలతో కుస్తీ వద్దు. మెడకు పట్టీ వేసి లాగొద్దు, ఛాతీకి మెత్తని పట్టీ కట్టండి. ఎండ పడకముందు కాసేపు, మళ్ళీ ఎండ తగ్గాక కాసేపు, తాడు చేతిలో ఉంచుకుని దాని నడకే మీ నడక చేసుకోండి. వాసనలు చూస్తూ ఆగితే ఆగనివ్వండి, అదీ దానికి కసరత్తే. వెనకబడినా, ఆయాసపడినా అక్కడితో చాలించండి. ఇవన్నీ డాక్టర్ బెన్ హిందీలో ఓపిగ్గా చెప్పి, చివరికి మా ముఖాలు చూసి, "అన్నిటికంటే ముఖ్యం, దాన్ని ఉద్రేకపెట్టకండి. ఇంట్లో కొంచెం మెల్లగా మాట్లాడండి" అంది. శ్రీకాంత్ "అట్లనే మేడమ్" అన్నాడు. ఆ మాటకు బయట వరసలో కూర్చున్న పిల్లి ఒకటి బుట్టలోంచి దూకింది.

రెండు రోజులు ఇల్లంతా గుసగుసలాడాం. మాకు గుసగుస అంటే మామూలు ఇళ్ళలో మాట్లాడుకోవడం. మూడో రోజు సాయంత్రం శ్రీకాంత్ డ్యూటీ దిగి వచ్చాడు. అలవాటు మనిషిని వదులుతుందా, తలుపు తీస్తూనే "బిస్కిట్" అని కేక పెట్టాడు. పరుపు మీద నిమ్మళంగా పడుకున్న కుక్క ఒక్క ఉరుకున లేచి, నున్నటి టైల్స్ మీద కాళ్ళు జారి, సోఫా కోడుకు కొట్టుకుని, అయినా తోక ఊపుకుంటూ వాడి కాళ్ళ మీద పడింది. వాడి ప్యాంటు మీద రక్తపు చుక్కలు. ముక్కులోంచి కారుతోంది. రిద్ధి ఏడుపు అందుకుంది. పిల్లను ఊరుకోబెట్టడానికి మమత అరిచింది, మమతను ఊరుకోబెట్టడానికి నేను అరిచాను. అరిచినకొద్దీ బిస్కిట్ అందరి ముఖాలూ చూస్తూ ఎగిరెగిరి పడుతోంది.

అప్పుడు అవ్వ లేచింది. ఎనభై దాటిన మనిషి, గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి కుక్క ఎదుట నిలబడింది. అరచెయ్యి నేల వైపు తిప్పి, గాలిని మెల్లగా కిందికి అదిమినట్టు ఒకసారి, ఇంకోసారి అదిమింది. బిస్కిట్ ఆ చేతినే చూసింది. అవ్వ మూడోసారి అదిమేసరికి కూలబడి పడుకుంది. మేమందరం నోళ్ళు మూసుకున్నాం. ఒక కుక్కకు ఆ సైగ చేయడం, మా చిన్నప్పటి కాళియో పోయాక, నేను మళ్ళీ చూడలేదు.

మేం అప్పట్లో ఇదే ఊళ్ళో పాండేసరలో ఉండేవాళ్ళం. కార్ఖానా వెనకే గదుల వరస, వరసలో మా గది ఒకటి. కరీంనగర్ పక్క పల్లెల నుంచి వచ్చిన నేతపని సాలోళ్ళమే అందరం. గదికి కిటికీ లేదు గాని ఆ లోటు తెలిసేది కాదు, ఎందుకంటే బతుకంతా గల్లీలోనే. పొద్దున పాళీ, అంటే షిఫ్టు, మారే వేళకు కొందరు నిద్ర కళ్ళతో లోపలికి పోతుంటే కొందరు ఒంటి నిండా తెల్లటి నూగుతో బయటికొచ్చేవాళ్ళు. బాపు వస్తూనే కనుబొమల మీది నూగు దులుపుకుని, బావి నీళ్ళ పంపు కింద తల పెట్టేవాడు. అవ్వ పొయ్యి మీద మక్కజొన్న గట్క ఉడుకుతుండేది. మిషన్ నూనె, ఉడికే మక్కల వాసన, రంగుల మిల్లుల నుంచి వచ్చే ఆవిరి, మూడూ కలిసి ఒకటే వాసనగా ఉండేది. ఇప్పటికీ ఎక్కడన్నా కుట్టుమిషన్‌కు నూనె వేస్తుంటే నాకు ఆకలేస్తుంది. గల్లీ చివర ఖాడీ, అంటే మురికి కాలువ, ఒక రోజు ఆకుపచ్చగా పారేది, ఒక రోజు గులాబీ రంగులో. ఆ రోజు మిల్లుల్లో ఏ రంగు చీరలు తయారవుతున్నాయో మాకు ఖాడీని చూస్తే తెలిసేది. ఆడవాళ్ళు ఉతికి ఆరేసిన బట్టల మీద పొగగొట్టాల మసి రాలేది. మా అవ్వ ఆ మసిని తిట్టని రోజు లేదు, మసి రాలని రోజూ లేదు.

కార్ఖానాలో సాంచెలు ఆడుతుంటే పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని లోపల అందరూ చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. బొటనవేలు పెదవులకు ఆనిస్తే చాయ్ వచ్చిందని. అరచెయ్యి నిలువుగా పెడితే ఆపమని. అరచేత్తో గాలిని కిందికి అదిమితే నిమ్మళం, తొందరొద్దు అని. చెయ్యెత్తి గాలిలో ఒక చుట్టు తిప్పితే అంతా బాగుంది, నడవనియ్యి అని. బాపు ఒక సాంచె మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకునేవాడు. ఆ అదురులో తేడా ఉంటే చేతికే తెలిసేది. తేడా లేకపోతే దూరంగా కండెలు చుట్టుకుంటున్న అవ్వ వైపు తిరిగి గాలిలో చుట్టు తిప్పేవాడు. ఆ సంగతి అవ్వకు చెప్పాల్సిన అవసరమేమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పెళ్ళయ్యాక అర్థమైంది. కార్ఖానాలో ఎవరూ ఎవరి పేరూ పిలిచేవాళ్ళు కాదు. బయటికొచ్చాక మాత్రం ఆ గొంతులకు పట్టపగ్గాలుండేవి కావు.

కాళియో ఆ కార్ఖానా కుక్క. నల్లగా ఉందని గుజరాతీ సేఠ్ పెట్టిన పేరు. కండెల మిషన్ కింద, అవ్వ కాళ్ళ దగ్గర నూలు పీలికల మీద పడుకునేది. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన కుక్క కనుక దానికి మాటలు పెద్దగా తెలియవు, చేతులు తెలుసు. చెవి కన్నా కన్నే దానికి ఆధారం. అవ్వ బొటనవేలు పెదవులకు ఆనించిందంటే తలుపు వైపు పోయి చాయ్ పిల్లవాడి కోసం కూర్చునేది, ఎందుకంటే చాయ్‌తో పాటు పావ్ ముక్క వస్తుంది. పాళీ మారే వేళకు గల్లీ మొదట్లోకి పోయి, పనికి వచ్చేవాళ్ళ ముందు ముందు పరుగెత్తి కార్ఖానా తలుపు దాకా తీసుకొచ్చేది. వాళ్ళేదో దారి తెలియని కొత్తవాళ్ళయినట్టు, వాళ్ళందరినీ తనే పనిలో పెట్టినట్టు ఉండేది దాని వాలకం. బాపు దాన్ని ముకద్దమ్, అంటే కూలీల మేస్త్రీ, అని ఆటపట్టించేవాడు.

ఒక వానాకాలం కాళియో ముకద్దమ్ పని మానేసింది. మిషన్ కింద నుంచి లేవలేదు. అవ్వ దాని పెదవి ఎత్తి చూసి, "అయ్యో, దీనికి నెత్తురే లేదు" అంది. చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు గుత్తులుగా ఉన్నాయి. మెడ చుట్టూ పుండ్లు పడ్డాయి. పశువుల ఆసుపత్రి కాంపౌండర్‌ను బాపు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఆయన సూది వేసి, మేక కాలేజం తినిపించమని, నెత్తురు నిండేదాకా ఉరకనీయొద్దని చెప్పి పోయాడు. నెత్తురు నిండిందని ఎట్లా తెలుస్తుందని బాపు అడిగితే, ఆయనకూ తెలియదేమో, మీకే తెలుస్తుందన్నాడు.

అవ్వ తన వంతు మాంసంలోంచి కాలేజం ముక్కలు తీసి గట్కలో కలిపి పెట్టేది. ఇది చూసి గల్లీ ఆడవాళ్ళు నవ్వారు, తర్వాత వాళ్ళే తలా ఇంత తెచ్చి ఇచ్చారు. మెడకు పుండ్లున్నాయని బాపు చిందీ, అంటే బట్ట అంచుల నుంచి కోసి పడేసే పీలికలు, జడలా అల్లి, ఛాతీ చుట్టూ తిప్పి కట్టాడు. పాళీ దిగి తల కడుక్కున్నాక, తను తినకముందే, దాన్ని బయటికి నడిపించేవాడు. మొదట తలుపు నుంచి నీళ్ళ పంపు దాకా. కొన్నాళ్ళకు పంపు దాటి చాయ్ బండి దాకా. పాళీ జనం ఎదురైతే కాళియో కాళ్ళు ఆగేవి కావు, ముందుకు లాగేది. బాపు దాని ముఖం ముందుకు చెయ్యి తెచ్చి గాలిని కిందికి అదిమేవాడు. "నిమ్మలంగ నడువురా. నీకేం పాళీకి టైం అయితలేదు" అనేవాడు. ఆ మాట కాళియోకు వినపడాలని అనేవాడు కాదు, ఊరికే అనుకునేవాడు. నేను వాళ్ళ వెనకాల నడిచేదాన్ని. అంత పొడుగు మనిషి అంత చిన్న చిన్న అడుగులు వేయడం చూస్తే నాకు నవ్వొచ్చేది. కాళియో చిగుళ్ళు మెల్లమెల్లగా గులాబీ రంగు తిరిగాయి. అవ్వ రోజూ పెదవి ఎత్తి చూసి, ఖాడీ వైపు చూపించి, ఇయ్యాల ఈ రంగు అని నవ్వేది. అది బతికిందని మేమందరం అనుకున్నాం.

వారానికి ఒక రోజు కార్ఖానాకు కరెంటు ఉండేది కాదు, అదే మాకు సెలవు. ఆ రోజు సాంచెలు ఆగితే చెవుల్లో ఏదో తీసేసినట్టుండేది. కాకుల అరుపులు వినపడేవి. మంచాలు గల్లీలో పడేవి, ఆడవాళ్ళు కుంకుడుకాయలతో తలంట్లు పోసుకునేవాళ్ళు, మగవాళ్ళు అద్దాలు గోడకు తగిలించుకుని గడ్డాలు గీసుకునేవాళ్ళు. అన్ని పొయ్యిల మీదా మాంసం ఉడికేది. వారమంతా చేతులతో మాట్లాడిన మనుషులు ఆ ఒక్క రోజు నోటితో మాట్లాడి తీర్చుకునేవాళ్ళు. అలాంటి ఒక రోజు కాళియో ఎవరూ చెప్పకుండానే లేచి, మెల్లగా నడుచుకుంటూ గల్లీ చివరి దాకా పోయి, పాత అలవాటు ప్రకారం పాళీ జనం కోసం నిలబడింది. తోక పైకి లేచి ఉంది. అవ్వ తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. దాన్ని అలా చూసేసరికి సంబరం పట్టలేక చెయ్యి ఎత్తడం మరిచిపోయి, నోటితో పిలిచింది.

"కాళియో" అని పిలిచింది. కార్ఖానా గొంతు, ఆ నిశ్శబ్దంలో ఖాడీ అవతలికి పోయింది. అది విని గల్లీ అంతా తలెత్తి చూసి, లేచి నిలబడ్డ కుక్కను చూసి, తలా ఒక గొంతు కలిపింది. బాపు కూడా సబ్బు నురుగు ముఖంతో పిలిచాడు. నేనూ పిలిచాను. తన పేరు అన్ని నోళ్ళలోంచి కాళియో ఎప్పుడూ విని ఉండదు. చెవులు నిక్కబొడుచుకుంది, ఒక్క క్షణం ఎటు చూడాలో తెలియక చూసింది, ఆ తర్వాత పొట్ట నేలకు తగిలేలా సాగి సాగి పరుగెత్తింది. అంత అందమైన పరుగు నేను మళ్ళీ చూడలేదు. బాపు నురుగు చేత్తోనే గాలిని కిందికి అదుముతూ ఎదురెళ్ళాడు. కానీ అది ఆ రోజు చేతుల్ని చూడటం లేదు. అవ్వ మోకాళ్ళకు తల ఆనించి, అలాగే పక్కకు ఒరిగిపోయింది. ముక్కులోంచి, నోట్లోంచి నెత్తురు వచ్చింది. మళ్ళీ కరెంటు వచ్చి సాంచెలు ఆడేలోగా పోయింది.

ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అవ్వ మాత్రం కొన్నాళ్ళ వరకు కండెల మిషన్ కింద నూలు పీలికలు తీయనివ్వలేదు. ఒకనాడు బాపు అన్నం తింటూ ఆమె వైపు చూడకుండానే, "సంబరంతోని పిలిచినం. దానికి నువ్వెందుకు ఏడుస్తవ్, నేను పిలువలేదా" అన్నాడు. ఆ తర్వాత మేం ఎన్ని ఇళ్ళు మారినా, ఎన్ని కుక్కలు మా గుమ్మం తొక్కినా, ఆమె ఏ జంతువునూ నోటితో పిలవగా నేను వినలేదు. బిస్కిట్‌తో కూడా అంతే. అన్నం గిన్నె తట్టేది, అది వచ్చేది. చెవులు వినపడక అలా చేస్తుందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు, నేను దిద్దలేదు.

ముక్కు రక్తం ఆగి, డాక్టర్ బెన్‌కు చూపించి తెచ్చిన మర్నాడు అవ్వ మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టింది. "గిట్ల ఒర్రుకుంట ఉంటే గది బతుకది. చేతులు లేవా మీకు? చేతులతోని చెప్పుండ్రి" అంది. బడిలో నేను పాఠం చెప్పినప్పుడు కూడా పిల్లలు అంత బుద్ధిగా కూర్చోలేదు. ఒక్కో సైగ చేసి చూపించింది. రిద్ధి "ఏక్ మినిట్ తాతమ్మా, ఫిర్ సే చూపించు" అని ఫోన్‌లో వీడియో తీసుకుంది. శ్రీకాంత్ తలుపు దగ్గర నిలబడి అరచెయ్యి కిందికి అదుముతూ లోపలికి వచ్చే అభ్యాసం చేశాడు. సంగతి పక్కన పెట్టి చూస్తే ఏదో గుడిలోకి అడుగుపెడుతున్నట్టే ఉంది. టైల్స్ మీద మమత పాత రగ్గులు, చాపలు పరిచింది. దుకాణంలో కొన్న ఛాతీ పట్టీ చంకల్లో ఒరుసుకుని చర్మం కమిలిపోతుంటే, అవ్వ పాత మెత్తటి చీర చింపి దాని లోపల పొరగా కుట్టించింది. నాలుగు తరాల అరుపులు ఒక కుక్క కోసం ఆగిపోయాయి. ఒకరోజు పై అంతస్తు ఆవిడ మళ్ళీ వచ్చింది. చప్పుడు లేదు, అంతా క్షేమమేనా బెన్ అని అడగడానికి.

నడిపించే పని నా వంతుకు వచ్చింది, బడి నుంచి రిటైరై పని లేనిదాన్ని నేనే కదా. మొదట్లో నాకు విసుగొచ్చేది. లిఫ్టు దిగి గేటు దాకా, గేటు నుంచి వెనక్కి. బిస్కిట్ ప్రతి కారు చక్రాన్నీ వాసన చూసేది, ఒకే గడ్డిపోచ దగ్గర ఎంతోసేపు నిలబడేది. ఎక్కడన్నా ఆయాసపడుతోందేమో చూసుకోమని డాక్టర్ బెన్ చెప్పింది గాని, దాని ఊపిరి చప్పుడు నాకు వినపడదు. అవ్వ చెవులు పోయినట్టే నావీ పోతున్నాయి. అందుకని మధ్య మధ్య ఆగి, వంగి, దాని పక్కటెముకల మీద చెయ్యి వేసేదాన్ని. బాపు సాంచె మీద చెయ్యి వేసినట్టు వేస్తున్నానని నాకు కొన్నాళ్ళకు గాని తట్టలేదు. ఒక ఉదయం అది నడుస్తూ నడుస్తూ దారి మధ్యలో కూర్చుండిపోయింది. నేను లాగలేదు, ఎత్తుకునే బరువు కాదు. నేనూ పక్కనే గట్టు మీద కూర్చున్నాను. నడకకు వెళ్ళేవాళ్ళు, పాలవాళ్ళు, స్కూలు వ్యాన్లు మమ్మల్ని తప్పుకుని పోయాయి. నా జీవితంలో అంతసేపు ఏ పనీ లేకుండా రోడ్డు పక్కన కూర్చోవడం అదే మొదలు. చాలాసేపటికి అదే లేచి, ఇంటి వైపు తిరిగింది. ఆ రోజు నడక అంతే. అంత మాత్రానికే డాక్టర్ బెన్ నన్ను మెచ్చుకుంది, లాగనందుకు.

ఆ నడకల్లో అప్పటినీ ఇప్పటినీ పక్కపక్కన పెట్టి చూసుకునేదాన్ని. అప్పుడు నెత్తురు నిండిందో లేదో చెప్పే మిషన్ మాకు లేదు, పెదవి ఎత్తి రంగు చూడటమే. ఇప్పుడు ప్రతిసారీ కాగితం మీద అంకెలొస్తాయి, చిగుళ్ళు ఎర్రబడ్డాక కూడా లోపల ఇంకా తక్కువే ఉందని అది చెబుతుంది. ఈ మందులు, ఈ పరీక్షలు అప్పుడుంటే కాళియో ఇంకొన్నేళ్ళు మా గల్లీకి ముకద్దమ్‌గిరీ చేసేది. ఇది తలుచుకుంటే నాకు బాధే, కానీ బిస్కిట్ బతకడానికి ఇవి ఉన్నాయన్న సంతోషం అంతకన్నా ఎక్కువ. బాపు మాత్రం తక్కువేం చేయలేదు. ఛాతీకి మెత్తని పట్టీ, చిన్న చిన్న అడుగులు, కాలేజం, తొందరొద్దన్న చెయ్యి, ఇవన్నీ ఆయన చేశాడు. ఆయనకు తెలియనిది ఒక్కటే, ఎన్నాళ్ళు ఆగాలన్నది. ఆ సంగతి నేను ఒక సాయంత్రం అవ్వకు చెప్పాను, చేతులతో కాదు, చెవి దగ్గర నోరు పెట్టి. "అవ్వా, కాళియోకు ఇంకా నెత్తురు నిండలేదు. ఆనాడు పిలువకపోయినా ఇంకోనాడు ఉరికేదే. ఎవలకు తెలుసు అప్పుడు." అవ్వ నా ముఖంలోకి చూసింది. "నిజమేనా బిడ్డా, డాక్టరమ్మ చెప్పిందా" అని అడిగింది. చెప్పిందన్నాను. నిజంగానే అడిగాను నేను, పాత కుక్క కథంతా చెప్పి. డాక్టర్ బెన్ విని, అవును, అంతే అయి ఉంటుంది అంది.

చలికాలం వచ్చేసరికి బిస్కిట్ గేటు దాటి, మూల మీది మందుల దుకాణం దాకా, ఆ పైన మైదానం దాకా నడిచింది. మాత్రలు తగ్గిస్తూ వచ్చారు. తగ్గించిన ప్రతిసారీ రక్తం మళ్ళీ పడిపోతుందేమోనని ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. ఒకసారి కొంచెం పడిపోయింది కూడా. మళ్ళీ గేటు దాకానే నడక, మళ్ళీ మొదటి నుంచి. రిద్ధి ముఖం చిన్నబోయింది. అవ్వ దాని వైపు చూసి అరచెయ్యి కిందికి అదిమింది. ఆ సైగ కుక్కకే కాదు పిల్లకు కూడా పనిచేసింది. ఆ తర్వాత అంకెలు పెరిగి, పెరిగిన చోట నిలబడ్డాయి. ఈమధ్య ఒక శనివారం డాక్టర్ బెన్ కాగితాన్ని రెండుసార్లు చదివి, నవ్వి, "ఇక తాడు విప్పి కాసేపు పరుగెత్తనివ్వండి. మెత్తటి నేల మీద. ఎవరైనా పిలవండి, అదే వస్తుంది" అంది.

మర్నాడు పొద్దున అందరం మైదానానికి వెళ్ళాం. మంచుకు గడ్డి తడిగా ఉంది. అవ్వకు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాం. రిద్ధి బిస్కిట్‌ను అవతలి చివరకు తీసుకుపోయి, ఛాతీ పట్టీ విప్పి, పక్కకు జరిగింది. బిస్కిట్ అక్కడే నిలబడి మా వైపు చూసింది. ఇక పిలవాలి. శ్రీకాంత్ నోరు తెరిచి, నన్ను చూసి, మూసుకున్నాడు. మమత చెయ్యి సగం లేచి ఆగిపోయింది. నేను పిలుద్దామనుకుని, అవ్వ వైపు చూశాను. బిస్కిట్ ఎప్పటిలాగే మా చేతులకేసి చూస్తోంది. ఇన్నాళ్ళుగా అది నేర్చుకున్నది అదే.

"ఎవలన్న పిలువుండ్రి మరి. చలిల ఎంతసేపు నిలబడ్తది" అంది అవ్వ. అవ్వ మా ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచి నిలబడింది. నేను పట్టుకోబోతే వదిలించుకుంది. ఒకసారి గొంతు సవరించుకుని, "బిస్కిట్, రా బిడ్డా" అని పిలిచింది. అదే గొంతు. కార్ఖానా గొంతు. పక్క భవనం మీది పావురాలన్నీ లేచాయి.

బిస్కిట్ చెవులు నిక్కబొడుచుకుంది. పరుగెత్తింది. పొట్ట గడ్డికి తగిలేలా సాగి సాగి పరుగెత్తి వస్తుంటే నేను కళ్ళు మూసుకున్నానని ఒప్పుకుంటాను. తెరిచేసరికి అది అవ్వ మోకాళ్ళకు తల ఆనించి నిలబడి ఉంది. నాలుక వేలాడేసి ఒగురుస్తోంది, తోక ఊగుతోంది, ముక్కు తడిగా, నల్లగా, శుభ్రంగా ఉంది. అవ్వ మెల్లగా కుర్చీలో కూర్చుని దాని పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుంది. చాలాసేపటి తర్వాత కళ్ళు తెరిచి, ఆ తడి కళ్ళతోనే, చెయ్యెత్తి గాలిలో ఒక చుట్టు తిప్పింది.

రిద్ధి బిస్కిట్‌ను మళ్ళీ మైదానం అవతలి చివరకు తీసుకుపోయింది. ఈసారి అందరం పిలిచాం.